యాంజియోలో బ్లాకుల్లేవు, మరి ఛాతీ నొప్పి ఎక్కడిది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దండి. నాన్నగారికి 69 ఏళ్లు, ఊరు తెనాలి పక్కన. నాలుగు నెలలుగా డాబా మెట్లెక్కితే ఛాతీలో బిగబట్టినట్టు నొప్పి వస్తోంది, కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోతోంది. ఎకో తీస్తే అయోర్టిక్ వాల్వు బాగా ఇరుకైందని తేలింది: వైశాల్యం 0.8 చదరపు సెంటీమీటర్లు, రక్తం వేగం సెకనుకు 4.6 మీటర్లు, సగటు గ్రేడియెంట్ (వాల్వుకు అటూ ఇటూ ఉన్న పీడన తేడా) 52. యాంజియోలో మాత్రం రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. డాక్టరు వాల్వు మార్చాలంటున్నారు. మీ అన్నయ్యేమో "నాళాలు బాగున్నాక అది గ్యాస్ నొప్పే అయ్యుంటుంది, ఆపరేషన్ దేనికి" అంటున్నారు.

ఇరవై ఆరేళ్లుగా ఎకో మిషను ముందు కూర్చుంటున్నవాణ్ణి. ఈ గ్యాస్ అనే మాట నమ్మి ఏడాది, రెండేళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లను లెక్కలేనంత మందిని చూశాను. అందుకే ముందే చెబుతున్నాను, ఆ నొప్పి గుండెదే. యాంజియో చూపించేది గొట్టం లోపల అడ్డుందా లేదా అన్నంత వరకే. ఆ గొట్టంలో రక్తం పారడానికి చాలినంత ఒత్తిడి ఉందా, చాలినంత సమయం దొరుకుతోందా అన్నది అందులో కనబడదు. మీ నాన్నగారికి కొరత అక్కడ.

మీది కాలువ కింద ఊరు కాబట్టి కాలువ భాషలోనే చెప్పుకుందాం. గుండెలోని ఎడమ కింది గది, అంటే ఎడమ జఠరిక, రక్తాన్ని బృహద్ధమనిలోకి, అంటే అయోర్టాలోకి నెడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న తలుపే అయోర్టిక్ వాల్వు, దానికి మూడు రెక్కలు. రెక్కల వెనక, అయోర్టా గోడలో మూడు చిన్న ఉబ్బులుంటాయి. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఆంటోనియో వల్సాల్వా పేరుతో వాటిని వల్సాల్వా సైనస్‌లంటారు. గుండెకు రక్తం పట్టుకెళ్లే కరొనరీ ధమనులు రెండూ ఈ ఉబ్బుల్లోంచే మొదలవుతాయి. అంటే హెడ్ రెగ్యులేటరు, అదే కాలువ మొదట్లో ఉండే గేటు, దాటీ దాటగానే ఉన్న మొదటి రెండు తూములన్నమాట. ఎడమ జఠరిక నిండా రక్తమున్నా దాని మందపాటి గోడ ఆ రక్తాన్ని నేరుగా పీల్చుకోలేదు. బయటికి తోసిన దాంట్లోంచే తన వాటా ఈ తూముల గుండా వెనక్కి తెచ్చుకోవాలి. తలుపు దగ్గర ఏ తేడా వచ్చినా మొదట తగిలేది తూములకే.

ఈ తూములకు రెండు ప్రత్యేకతలున్నాయి. అవి తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

ఒకటి, వీటిలో రక్తం పారే వేళ. చెయ్యికీ కాలికీ రక్తం గుండె ముడుచుకున్నప్పుడు జోరుగా వెళుతుంది. ఎడమ జఠరిక గోడకు మాత్రం ముప్పాతిక వంతు దాకా గుండె వదులైనప్పుడే అందుతుంది. ముడుచుకునేటప్పుడు ఆ కండరం తన లోపలున్న సన్న నాళాలను తానే పిండేసుకుంటుంది కదా, ఇక పారేదెక్కడ? కాబట్టి గుండెది ఒకరకంగా వారబందీ పంపకం. తన వంతు వచ్చినప్పుడే, ఆ కాసేపట్లోనే పట్టుకోవాలి.

రెండు, గుండెకు మిగులు లేదు. మామూలు కండరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలోని ఆక్సిజన్‌లో పావు వంతు వాడుకుని మిగతాది వదిలేస్తాయి. పని ఎక్కువైతే ఆ మిగులు వాడుకుంటాయి. గుండె అలా కాదు, ఊరికే కూర్చున్నప్పుడే 70 శాతం పైగా లాగేసుకుంటుంది. ఇంకా కావాలంటే ఒకటే దారి, పారుదల పెరగాలి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అవసరాన్ని బట్టి అది మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. మెట్లెక్కేటప్పుడు మనల్ని కాపాడేది ఈ పెరిగే శక్తే.

ఇప్పుడు వాల్వు సంగతి. మామూలుగా అది తెరుచుకుంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటుంది. వయసు మీద పడ్డాక కొందరిలో రెక్కలకు సున్నం పట్టి, కట్టిన గోడలా బిగిసిపోతాయి. దారి 1 కంటే తగ్గితే తీవ్రం అంటాం. మీ నాన్నగారిది 0.8. అదే రక్తం ఇంత సందులోంచి పోవాలంటే వేగం పెరగాలి. మామూలుగా సెకనుకు 1, 1.5 మీటర్లు ఉండాల్సింది ఆయనకు 4.6 అయింది. ఆ వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే వాల్వుకు అటూ ఇటూ ఉన్న గరిష్ఠ పీడన తేడా వస్తుంది, ఎకో గదిలో మేం రోజూ వేసే లెక్క ఇదే. 4.6ను వర్గం చేస్తే 21 చిల్లర, నాలుగు రెట్లు చేస్తే దాదాపు 85 మి.మీ. (బీపీ కొలిచే పాదరసపు మి.మీ.). రిపోర్టులో రాసిన 52 అనేది జఠరిక రక్తాన్ని తోసినంత సేపటికీ సగటు.

అంటే చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 120 వస్తుంది, ఇంట్లో అందరూ "బీపీ నార్మల్" అనుకుంటారు. లోపల జఠరిక మాత్రం 180, 190 ఒత్తిడితో తోస్తూ ఉంటుంది. ప్రతి కొట్టుకూ. రోజుకు లక్షసార్లు.

అంత బరువు మోసే కండరం ఏం చేస్తుంది? మందమవుతుంది. ఎకోలో గోడ 10 మి.మీ. లోపు ఉండాల్సింది 14, 15 చూస్తుంటాం. మొదట్లో ఇది మంచికే, గోడ మందమైతే ఒక్కో కండర పోగు మీద పడే భారం తగ్గుతుంది. కానీ కండరం పెరిగినంతగా దానిలోని సన్న కేశనాళికలు పెరగవు. ఆయకట్టు పెంచి బోదెలు తవ్వకపోతే ఎలా ఉంటుందో అలా. యాంజియోలో కనబడేవి పెద్ద కాలువలే కాబట్టి అవి శుభ్రంగానే ఉంటాయి. ఎండేది కొత్తగా కలిపిన పొలం.

అందులోనూ ముందు ఎండేది శివారు. కరొనరీ ధమనులు గుండె పైపొర మీద పరుచుకుని, అక్కడినుంచి లోపలికి దిగుతాయి. కాబట్టి జఠరిక లోపలి పొరే శివారు ఆయకట్టు. మందమైన గుండె బిగుసుగా ఉంటుంది, వదులయ్యే వేళ కూడా దాని లోపలి ఒత్తిడి సరిగ్గా తగ్గదు. మామూలుగా 12 లోపు ఉండేది 25, 30కి పోతుంది. ఆ ఒత్తిడి లోపలి పొరను అటువైపు నుంచి నొక్కుతుంది. లెక్క వేసి చూడండి. అయోర్టాలో కింది బీపీ 70, జఠరికలో 10 అనుకుంటే రక్తాన్ని తోసే బలం 60. అదే అయోర్టాలో 60, జఠరికలో 28 అయితే తోసే బలం 32. గొట్టం అదే, బ్లాకు లేదు, బలం మాత్రం సగానికి పడిపోయింది.

ఇక వారబందీ. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే ఒక్కో కొట్టుకు ఒక సెకను. అందులో ముడుచుకోవడానికి 0.35 పోతే వదులవడానికి 0.65 మిగులుతుంది, నిమిషం మొత్తం మీద 39 సెకన్లు. మెట్లెక్కి 120కి వెళితే ఒక్కో కొట్టుకు దక్కేది అర సెకను, అందులో వదులుకి పావు సెకనే. నిమిషానికి 30 సెకన్లు. వాల్వు ఇరుకైనవాళ్లలో రక్తాన్ని బయటికి నెట్టడానికే ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి ఆ 30 కూడా 25కి దిగుతుంది. ఇవి సుమారు లెక్కలే, మనిషికీ మనిషికీ మారతాయి. కానీ నొప్పి కూర్చున్నప్పుడు రాకుండా డాబా మెట్ల మీదే ఎందుకు వస్తోందో దీంట్లో ఉంది. అవసరం పెరిగిన నిమిషంలోనే వంతు కుదించుకుపోతోంది.

ఇంకొక సంగతి ఉంది, నాకు వ్యక్తిగతంగా చాలా ఇష్టమైనది. గుండె వదులయ్యే తొలి క్షణంలో పిండిన స్పాంజిని వదిలినట్టు అవుతుంది, కరొనరీల్లోంచి రక్తాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆరోగ్యవంతుల్లో గుండె వేగం పెరిగేకొద్దీ ఈ లాగుడు బలపడుతుంది. సమయం తగ్గినా లాగుడు పెరిగి సర్దుబాటవుతుందన్నమాట. అయోర్టిక్ వాల్వు బాగా ఇరుకైనవాళ్ల కరొనరీల్లోకి సన్నటి వైరు పంపి కొలిచి చూస్తే వేగం పెరిగేకొద్దీ లాగుడు తగ్గిపోతోందని తేలింది. ఆ పరిశోధన 2011లో అచ్చయింది. వాల్వు మార్చిన వెంటనే, అదే బల్ల మీద, లాగుడు మళ్లీ మామూలు దారిలో పడిందట. కరొనరీలను ఎవరూ తాకలేదు. తలుపు మార్చారంతే.

నెట్‌లో వెతికితే మీకు వేరే వివరణ దొరుకుతుంది: ఇరుకు సందులోంచి దూసుకొచ్చే రక్తపు ధార పక్కనున్న కరొనరీల్లోంచి రక్తాన్ని పీల్చేస్తుందని. వేగంగా పారే చోట పక్క ఒత్తిడి తగ్గుతుందన్నది నిజమే, భౌతికశాస్త్రంలో తప్పేం లేదు. కానీ ఆ ధార దూసుకొచ్చేది గుండె ముడుచుకున్నప్పుడు. ఎడమ కరొనరీకి ఎలాగూ అది ఎండు వేళ. కాబట్టి దాని వాటా చిన్నదనే నా అభిప్రాయం. అసలు దెబ్బంతా మందమైన గోడ, లోపలి ఒత్తిడి, చాలని సమయం, ఈ మూడింటిదే.

ఆ ధార చేసే అసలు నష్టం మరోచోట. అది తిన్నగా పోదు, వంకరగా వెళ్లి అయోర్టా మొదటి భాగంలో కుడివైపు గోడకు కొడుతుంది. రెగ్యులేటరు కింద నీళ్లు సుడి తిరిగి గట్టు కోసేసినట్టు, ఏళ్ల తరబడి తగిలితే అక్కడ గోడ ఉబ్బుతుంది. పుట్టుకతోనే మూడుకు బదులు రెండే రెక్కలున్నవాళ్లలో (నూటికి ఒకరిద్దరు ఉంటారు) ధార మరీ వంకర, పైగా చాలామందికి ఆ గోడే కొంచెం బలహీనం. మీ రిపోర్టులో "అసెండింగ్ అయోర్టా" అన్న వరుస వెతకండి. 40 మి.మీ. లోపుంటే సరే. 55 దాటితే ఆ ఒక్క కారణానికే ఆపరేషన్ ఆలోచిస్తారు. వాల్వు కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తున్నప్పుడు 45 దాటినా ఆ ముక్క కూడా మార్చడం గురించి మాట్లాడతారు. ఈ సుడుల సంగతి కొత్తదేం కాదు. లియొనార్డో డావిన్సీ 1513 ప్రాంతంలోనే వాల్వు వెనక ఉబ్బుల్లో రక్తం సుడి తిరగడం, ఆ సుడి రెక్కలు మూసుకోవడానికి సాయపడటం బొమ్మలు గీసి పెట్టాడు. ఎకో లేదు, ఎంఆర్ఐ లేదు. ఏటి నీళ్లను చూసిన కన్నుతో గీశాడు.

పైకి వెళితే మెడ నాళాలు. వేలితో మెడ మీద నాడి చూస్తే మామూలువాళ్లకు టక్కున తగులుతుంది. వీళ్లకు మెల్లగా, బరువుగా, ఆలస్యంగా లేస్తుంది. ఒక్కోసారి వేలి కింద పిల్లి గుర్రుమన్నట్టు అదురుతుంది. మిషను పెట్టకముందే నాకు సగం రిపోర్టు అక్కడే వచ్చేస్తుంది. ఇప్పటి కుర్ర డాక్టర్లు మెడ ముట్టుకోకుండా నేరుగా ప్రోబ్ అందుకుంటున్నారని నాకో చిన్న కంప్లయింటు, వదిలేయండి. మెదడుకు సంబంధించి ముఖ్యమైనది ఇది: నడకలో కాళ్ల నాళాలు వెడల్పవుతాయి, దానికి తగ్గట్టు గుండె ఎక్కువ రక్తం పంపాలి. తలుపు ఇరుకు కాబట్టి పంపలేదు. బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, ఒక్కోసారి కింద పడిపోతారు. నాన్నగారికి అలా ఎప్పుడైనా జరిగితే అపాయింట్‌మెంటు రోజు దాకా ఆగకండి, అదే రోజు తీసుకెళ్లండి.

పొత్తికడుపు దాకా కూడా దీని ప్రభావం ఉంటుందంటే నమ్మరు. 1958లో ఎడ్వర్డ్ హైడ్ అనే అమెరికా వైద్యుడు, వాల్వు ఇలా ఇరుకైన పెద్దవయసు వాళ్లలో పేగుల్లోంచి కారణం తెలియని రక్తస్రావం కనబడుతోందని రాశాడు. చాలా ఏళ్ల తర్వాత కారణం దొరికింది. సందులోంచి దూసుకుపోయేటప్పుడు ఆ ఒరిపిడికి రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే పొడవాటి ప్రోటీను, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్, ముక్కలైపోతుంది. ఇదెందుకు చెబుతున్నానంటే, రక్తం తగ్గితే అదే పారుదలలో గుండెకు అందే ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. నాన్నగారి హిమోగ్లోబిన్ ఎంతో మీరు రాయలేదు. విరేచనం నల్లగా అవుతోందా అని కూడా అడగండి. మన పెద్దవాళ్లు ఇలాంటివి పిల్లలకు చెప్పరు, అమ్మగారి చేత అడిగించండి.

మైట్రల్ వాల్వు గురించి ఒక్క మాట, ఎందుకంటే చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల మన దగ్గర అది ఇంకా కనబడుతోంది, చాలామంది రెంటినీ కలిపేస్తారు. అక్కడ ఇరుకు జఠరికకు ముందు ఉంటుంది, కాబట్టి వెనక నీరు నిలిచేది ఊపిరితిత్తుల వైపు. పల్మనరీ ధమనుల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఆయాసం ముందు వస్తుంది. మీ నాన్నగారిది ఆ కథ కాదు.

ఇప్పుడు చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి.

ఇంట్లో సార్బిట్రేట్ బిళ్ల పెట్టుకుని ఉంటారు, ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద పెట్టడం మనకు అలవాటైపోయింది. ఈయన విషయంలో చూసే డాక్టరు చెప్పకుండా అది వద్దు. ఆ బిళ్ల నాళాలను వెడల్పు చేసి గుండెకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. ఇరుకు తలుపు వెనక ఉన్న మందపు జఠరిక నిండా నిండితేనే ఏదో ఒకటి తోయగలదు. బీపీ ఒక్కసారిగా దిగితే కరొనరీలను తోసే ఆ 32 కూడా మిగలదు. అలాగే బీపీ మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. ఎవరైనా "ఒకసారి ట్రెడ్‌మిల్ చేయిద్దాం" అంటే, లక్షణాలున్న తీవ్రమైన అయోర్టిక్ ఇరుకు ఉందని ముందు రిపోర్టు చూపించండి. ఈ స్థితిలో ఆ పరీక్ష ప్రమాదం. తిరుమల మొక్కుంటే బస్సులో వెళ్లి రావచ్చు డాక్టరు సరేనంటే. అలిపిరి నుంచి 3,550 మెట్లు మాత్రం వాల్వు మారాకే.

మందులతో కరగదా అని అడిగారు. కరగదు. కొలెస్ట్రాల్ మందులతో దీన్ని ఆపవచ్చేమోనని పెద్ద ప్రయోగాలే చేశారు, ఫలితం రాలేదు. నొప్పి మొదలయ్యాక వాల్వు మార్చకపోతే సగటున ఐదేళ్లు, స్పృహ తప్పడం మొదలైతే మూడు, గుండె నీరసించి ఆయాసం వస్తే రెండు అని 1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ అనే ఇద్దరు వైద్యులు చెప్పిన పాత లెక్క. భయపెట్టడానికి కాదు, "ఇంకో ఏడాది చూద్దాం" అంటున్న మీ అన్నయ్యకు చూపించడానికి రాస్తున్నాను.

మార్చడంలో రెండు దారులు. ఛాతీ తెరిచి చేసేది ఒకటి. తొడ నాళంలోంచి గొట్టం పంపి పాత వాల్వులోనే కొత్తది తెరిచేది ఇంకొకటి, దాన్ని టావీ అంటారు. 2002లో ఫ్రాన్స్‌లోని రూవాఁలో అలాన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేశాడు. 69 ఏళ్ల వయసులో ఏది మేలో మనిషిని చూసి తేల్చాల్సిందే, నేను ఇక్కడ కూర్చుని చెప్పడం తప్పు. టావీ అంటే మాత్రం సీటీ తీసి, వాల్వు చట్రం నుంచి కరొనరీ తూములు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలుస్తారు. అది 10, 12 మి.మీ. కంటే తక్కువైతే, కొత్త వాల్వు తెరుచుకున్నప్పుడు పక్కకు నెట్టిన పాత రెక్క ఆ తూముకు అడ్డం పడే ప్రమాదముంది. ఆ కొలత ఎంతొచ్చిందో అడగండి, చెబుతారు. డబ్బు విషయానికొస్తే ఛాతీ తెరిచి చేసే వాల్వు మార్పిడి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో (ఒకప్పటి ఆరోగ్యశ్రీ, 2024 నుంచి ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది. మిగతా వివరాలు ఆసుపత్రిలో ఆ పథకం డెస్కు దగ్గర అడిగితే తేలిపోతుంది.

మార్చాక లోపలి ఒత్తిడి అదే రోజు దిగుతుంది, చాలామందికి మెట్ల మీద తేడా కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. గోడ మందం తగ్గడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అందుకని మొదటి నెలలో కాస్త ఆయాసం మిగిలితే కొత్త వాల్వు పాడైందని కంగారు పడకండి.

మీ బాబాయికి వాల్వు ఇరుకుతో పాటు 60 శాతం బ్లాకు కూడా ఉందని చివర రాశారు. ఆయన లెక్క వేరు, కొంచెం చిక్కుది. బ్లాకుకు అటూ ఇటూ ఒత్తిడి వైరుతో కొలిచే పరీక్ష ఉంది కదా, వాల్వు ఇరుకుగా ఉన్నప్పుడు పారుదల పూర్తిగా పెరగలేదు కాబట్టి అందులో బ్లాకు ఉన్నదానికంటే తేలికగా కనబడవచ్చు. ఛాతీ తెరిచి వాల్వు మారుస్తుంటే అదే సిటింగులో బైపాస్ కూడా చేసేయడం మామూలే. ఆయన యాంజియో సీడీ, ఎకో రిపోర్టు రెండూ ఒకే డాక్టరు చూసేలా చేయండి, విడివిడిగా ఇద్దరికి చూపించి ఇద్దరి మాటలు కలపబోతే గందరగోళమవుతుంది.

నాన్నగారి హిమోగ్లోబిన్, అసెండింగ్ అయోర్టా కొలత, గోడ మందం, రెక్కలు మూడా రెండా, ఈ నాలుగూ రిపోర్టుల్లో ఉంటాయి. అవి పెడితే మిగతాది రాస్తాను.